సగంలో ఆగిన వేలు

పిచ్చుక తుపాకీ ఎందుకు పట్టిందో మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు. ఐదు నెలల క్రితం, సెక్యూరిటీ కంపెనీ ఆయుధాల గదిలో డ్యూటీ మారే వేళ ఒక్క తూటా పేలింది. చెక్క గోడకు అవతల కూర్చుని తాళాలు చూసుకునే ఆయన, అందరూ ‘తాళాలాయన’ అని పిలిచే పెద్దమనిషి, కుర్చీలో ఉన్నవాడు ఉన్నట్టే పోయాడు. జనం పరుగెత్తుకొచ్చేసరికి పిస్తోలు పిచ్చుక అన్నయ్య చేతిలో ఉంది. “నేను ట్రిగ్గర్ ముట్టుకోలేదు” అన్నాడు అన్నయ్య, అంతకు మించి నోరు విప్పలేదు; దానంతట అదే పేలి ఉంటుందని పిచ్చుక నమ్మింది. ముందురోజే సెలవుల దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరిగింది కనక కావాలనే కాల్చాడన్నారు పోలీసులు. అన్నయ్య మాట నిజమని ఊరంతా కాదన్నా తను నిరూపిస్తానని, రెడీమేడ్ బట్టల యూనిట్‌లో కాజాలు కుట్టే పని మానేసి, అదే కంపెనీ కొత్తగా పెట్టిన ఆడ గార్డుల బ్యాచ్‌లో చేరింది పిచ్చుక. ముద్దాయి చెల్లెలని తెలిసినా, ముప్ఫై నాలుగేళ్ళు అక్కడ పెద్ద గార్డుగా చేసి రిటైరైన నాన్న మొహం చూసి వాళ్ళు కాదనలేకపోయారు.

ఇవాళ బుధవారం. శుక్రవారం కోర్టులో తుపాకుల మాస్టారి సాక్ష్యం ఉంది. పిచ్చుక ఖాళీ పిస్తోలు పట్టడం మొదలుపెట్టి పదకొండు రోజులైంది.

ప్రాక్టీసు గది కంపెనీ భవనం అడుగున ఉంది. పైన వాహనాలు పెట్టుకునే చోటు కావడంతో ఎవరైనా బండి తీసినప్పుడల్లా కప్పు సన్నగా అదిరేది. గోడకు నల్ల చుక్క పెట్టిన తెల్ల కాగితం, మూలన ఇసుక నింపిన పీపా, బల్ల మీద రబ్బరు చాప, నూనె గుడ్డలు. మిగతా అయిదుగురు అమ్మాయిలూ భోజనానికి పైకి వెళ్ళిపోయారు. పిచ్చుక మాత్రం ఆకలి సంగతే మర్చిపోయి నల్ల చుక్క వైపు గురిపెట్టి నిలబడి ఉంది. చూడ్డానికి పిడికెడంత మనిషి. చేతిలోని పిస్తోలూ పిడికెడంతదే కనక ఆ ఇద్దరికీ జోడీ కుదిరిందని బ్యాచ్‌లో వేళాకోళం.

“అమ్మాయ్, అది కాలింగ్ బెల్లు కాదు, నొక్కి పారిపోవడానికి” అన్నాడు మాస్టారు, స్టూలు మీంచి లేవకుండానే. “ఎన్నిసార్లు చెప్పాలి? ముందు ట్రిగ్గర్ వదులుగా ఉంటుంది. ఆ వదులంతా వేలితో మెల్లగా లాగెయ్. తర్వాత అడ్డొస్తుంది. అడ్డొచ్చాక ఆగి, ఇంకాస్త బరువు పెంచు. అప్పుడు తెగుతుంది.”

పిచ్చుక నొక్కింది. వదులు పోయింది. అడ్డు తగిలింది. దారం పంటితో బిగించి తెంపబోయే ముందు ఉండే బిగువులాంటిది వేలికి తెలిసింది. ఇంకాస్త బరువు పెట్టింది. టప్‌మని ఖాళీ చప్పుడు.

“వదలకు! వేలు అక్కడే ఉంచు. ఎడం చేత్తో పైనున్న స్లయిడ్ వెనక్కి లాగి వదిలెయ్. ఆఁ. ఇప్పుడు వేలు మెల్లగా ముందుకి రానియ్. మెల్లగా... సగంలో టిక్కుమంటుంది. అక్కడ ఆపెయ్.”

టిక్కుమంది. పదకొండు రోజులుగా ఆ టిక్కును దాటిపోయి, ప్రతిసారీ తిట్లు తిన్న వేలు ఇవాళ అక్కడ ఆగింది. మళ్ళీ వదులంతా లాగక్కర్లేకుండా, ఆ సగంనుంచే నొక్కింది. గురి చుక్క మీంచి కదల్లేదు. పిస్తోలు ముక్కు ఇసుమంతైనా ఊగలేదు.

“దారికొచ్చింది” అన్నాడు మాస్టారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు విన్నవాళ్ళు లేరు. “కాజాలు కుట్టిన వేలు కనక పదకొండు రోజుల్లో పట్టుకున్నావు. రివాల్వర్ పట్టినవాళ్ళకైతే ఇది చచ్చినా రాదు. రివాల్వర్‌కి నొక్కిన ప్రతిసారీ వేలు పూర్తిగా ముందుకొచ్చేయాలి. ఏళ్ళ తరబడి అలా అలవాటైన వేలు సగంలో ఆగమంటే ఎందుకాగుతుంది? పోయినేడు పిస్తోళ్ళు వచ్చినప్పుడు పాత గార్డులందరూ నా ప్రాణం తోడేశారు. మీ అన్నయ్య రెండుసార్లు పరీక్ష తప్పాడు. మూడోసారి తప్పితే ఉద్యోగమే పోయేది.”

అన్నయ్య పేరెత్తగానే పిచ్చుక పిస్తోలు చాప మీద పెట్టేసింది. అడగాలనుకున్న మాట పదకొండు రోజులుగా గొంతులోనే ఉంది.

“మాస్టారూ, ఇది దానంతట అది పేలుతుందా?”

మాస్టారు లేచి, పిస్తోలు ఖాళీగా ఉందో లేదో చూసుకుని, స్లయిడ్ లాగి వదిలి, బల్ల కింద నుంచి చెక్క సుత్తి తీశాడు. వెనక ఒక దెబ్బ, పక్కన ఒక దెబ్బ, తలకిందులు చేసి ఒక దెబ్బ వేశాడు. నడుమెత్తు నుంచి చాప మీద పడేశాడు. టప్‌మన్న చప్పుడు రాలేదు. ఆ తర్వాత పిచ్చుక చేతికిచ్చి నొక్కమన్నాడు. వదులు, అడ్డు, బరువు, టప్.

“నీ వేలే నీకు జవాబు చెప్తోంది” అన్నాడు. “ఆ రోజు పేలిన పిస్తోలు పరీక్ష చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందులో లోపం వీసమెత్తు లేదు. వేలు అడ్డు దాకా వెళ్ళాలి, అక్కడ ఇంకా బరువు పెట్టాలి. అప్పుడే పేలుతుంది. శుక్రవారం నేను చెప్పబోయేది ఇంతే. నాకూ ఇష్టమై చెప్పడం లేదమ్మా.”

పిచ్చుక బల్ల అంచు పట్టుకుంది. ఐదు నెలలుగా ఎవరు ఏమన్నా ఒక్కటే మాట పట్టుకుని బతికింది. అన్నయ్య అబద్ధం చెప్పడు. చిన్నప్పుడు పలక పగలగొట్టినా, పాలు ఒలకబోసినా ముందుగా వచ్చి ఒప్పుకునే మనిషి. జైలు కిటికీ అవతల నిలబడి, ఆమె కళ్ళలోకి చూసి, “నేను ముట్టుకోలేదు పిచ్చుకా” అన్నాడు. ఆ మాట అబద్ధమని ఇప్పుడు తన కుడిచేతి చూపుడువేలే చెబుతోంది. వాదించడానికి ఇంకెవరూ లేరు. తన వేలితో తను ఎలా వాదిస్తుంది? అన్నయ్యను విడిపించడానికని నేర్చుకున్న విద్య అన్నయ్య మెడకే చుట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. నాన్న వచ్చాడు.

రిటైరై రెండేళ్ళు దాటినా నాన్న నడకలో డ్యూటీ పోలేదు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, చేతిలో అమ్మ పంపిన క్యారియరు. భోజనం మానేసి తుపాకీతో కూర్చుంటున్నావని మీ అమ్మ ఇంట్లో నా బుర్ర తినేస్తోందంటూ లోపలికి వచ్చాడు. ఆయన్ని చూడగానే మాస్టారు లేచి నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళ కిందట మాస్టారికి రివాల్వర్ పట్టడం నేర్పింది ఈయనే మరి.

“రండి పెద్దాయనా. మీ అమ్మాయి ఇవాళ గట్టెక్కింది. సగంలో ఆపడం వచ్చేసింది.”

“అలాగా” అన్నాడు నాన్న, కూతురి మొహం చూస్తూ. “ఏమ్మా, అలా పాలిపోయావేం?”

పిచ్చుక ఏమీ లేదన్నట్టు తలూపింది. నాన్నకు ఎలా చెప్పాలి? నీ కొడుకు మనకి అబద్ధం చెప్పాడు, కావాలనే నొక్కాడు అని ఈ గదిలో, క్యారియరు పట్టుకుని నిలబడ్డ మనిషికి ఎలా చెప్పాలి?

“మీరూ ఒకసారి పట్టి చూడండి” అన్నాడు మాస్టారు, పిస్తోలు ముందుకు జరిపి. “మీరు వెళ్ళిపోయాక వచ్చిన సరుకు కదా. చూడనే లేదంటిరి.”

“నాకెందుకయ్యా ఈ వయసులో. ఆ కొత్త డబ్బా జోలికి నేను పోలేదు, పోను కూడా.”

ఆ మాట పిచ్చుకకు కొత్త కాదు. పోలీసులు అడిగినప్పుడూ, వకీలు అడిగినప్పుడూ నాన్న అదే చెప్పాడు. నా కాలం రివాల్వర్ల కాలం, ఆ డబ్బాని ఎప్పుడూ ముట్టుకోలేదు అని.

“పాఠం చెప్పిన గురువుగారు శిష్యుడి దగ్గర మొహమాటపడితే ఎలా?” అని నవ్వాడు మాస్టారు. “ఖాళీదే. ఒక్కసారి నొక్కి, ఎలా ఉందో చెప్పండి.”

ఇక కాదంటే బాగుండదనుకున్నాడో ఏమో, నాన్న క్యారియరు కింద పెట్టి పిస్తోలు అందుకున్నాడు. పిడిలోంచి తూటాలు పెట్టే మ్యాగజైన్ తీశాడు. స్లయిడ్ లాగి గొట్టంలోకి చూశాడు. చిటికెన వేలు లోపలికి పెట్టి తడిమాడు. మళ్ళీ చూశాడు. మళ్ళీ తడిమాడు. ఖాళీదని మాస్టారు చెప్పాక కూడా మూడోసారి తడిమాడు. ఆ వేలు వణుకుతోంది. పెద్దతనం అనుకుంది పిచ్చుక.

తర్వాత ఇసుక పీపా వైపు తిరిగి నిలబడ్డాడు. అలా నిలబడగానే వణుకు మాయమైంది. వేలు ట్రిగ్గర్ మీద పడింది. వదులు మెల్లగా లాగింది. అడ్డు దగ్గర ఆగింది. బరువు పెంచింది. టప్.

వేలు అక్కడే ఉంది. వెనక్కి నొక్కిపెట్టినట్టే ఉంది. ఎవరూ చెప్పలేదు. ఎడమచేయి తనంతట తనే వెళ్ళి స్లయిడ్ లాగి వదిలింది. వేలు ముందుకు రావడం మొదలుపెట్టింది. మెల్లగా, ఒక వెంట్రుక మందం, ఇంకో వెంట్రుక మందం.

టిక్.

వేలు ఆగింది. సరిగ్గా సగంలో.

అక్కడినుంచే మళ్ళీ నొక్కింది. టప్.

పిచ్చుక చూపు ఆ వేలి మీదే ఉండిపోయింది. తను పదకొండు రోజులు తిట్లు తిని నేర్చుకున్నది. అన్నయ్య నెలరోజులు తల బాదుకున్నది. ముప్ఫై నాలుగేళ్ళు రివాల్వర్ పట్టిన వేలికి చచ్చినా రాదని ఇంతకు ముందే మాస్టారు చెప్పినది. ఈ డబ్బాని జన్మలో ముట్టుకోలేదని పోలీసులకు రాసిచ్చిన నాన్న వేలు, ఆ టిక్కు ఎక్కడుందో ఇంట్లో లైటు స్విచ్చు ఎక్కడుందో తెలిసినంత బాగా తెలిసినట్టు, వెళ్ళి అక్కడ ఆగింది. నాన్నకు మాత్రం ఏమీ తెలియలేదు. పిస్తోలు చాప మీద పెట్టి, “బాగానే ఉందయ్యా, బిగువుగా” అన్నాడు మామూలుగా.

మాస్టారు మెడలో దారానికి వేలాడుతున్న కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

“చేతులు కడుక్కుందాం రా నాన్నా” అంది పిచ్చుక. తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది.

మెట్ల వెనక చిన్న వాష్‌బేసిన్, దాని పక్కన చీపుర్లు, బకెట్లు. అక్కడ నిలబడితే ప్రాక్టీసు గదికి కనబడరు. పిచ్చుక పంపు తిప్పి, ఆ చప్పుడు మాటున, “ఎన్నాళ్ళు పట్టుకున్నావు నాన్నా దాన్ని?” అంది.

“దేన్నమ్మా?”

“నీళ్ళు నమలకు. నాకు పదకొండు రోజులు పట్టింది. అన్నయ్యకి నెల. నీకు పట్టుకున్న వెంటనే ఎలా వచ్చింది? సగంలో ఎందుకాపావు? ఆపాలని నీకెవరు చెప్పారు?”

నాన్న తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. దాన్ని ఎవరో తనకు తెలియకుండా తగిలించి వెళ్ళినట్టు చూసుకున్నాడు. మెల్లగా మెట్టు మీద కూలబడ్డాడు. పంపు ధార బేసిన్‌లో పడుతూనే ఉంది.

“మీ అన్నయ్య రెండోసారి తప్పిన రోజు నా దగ్గరికొచ్చి ఏడ్చాడు” అన్నాడు. “వేలు మాట వినడంలేదు నాన్నా అన్నాడు. నేను నేర్పిస్తాలేరా అన్నాను. నాకొస్తే కదా నేర్పడానికి! ముందు నేను నేర్చుకోవాలి. డ్యూటీ మారే వేళకి వెనక గేటులోంచి వచ్చేవాణ్ణి. పెద్ద గార్డుని ఎవడు ఆపుతాడు? ఎవడు పుస్తకంలో రాస్తాడు? సలాం కొట్టి పంపేవాళ్ళు. పుస్తకంలో రాయని తప్పు బయటపడుతుందని తర్వాత కూడా వాళ్ళెవరూ నోరు విప్పలేదు. అలా ఇరవై రోజులు. ఖాళీ పిస్తోలుతో నేనూ వాడూ పక్కపక్కన. ఈ వేలు నాకు ఎంత ఎదురు తిరిగిందో నీకు తెలీదు. చివరికి వాడికన్నా నాకే ముందొచ్చింది. వాడు పరీక్ష గట్టెక్కాడు.”

“ఆ రోజు?”

“ఆ రోజే గట్టెక్కాడు. డ్యూటీ దిగి నవ్వుకుంటూ వచ్చి, పిస్తోలు బల్ల మీద పెట్టి, మొహం కడుక్కొస్తానని వెళ్ళాడు. లోపలపెట్టే ముందు ఖాళీ చెయ్యాలి కదా, వాడి పని నేను చేద్దామనుకున్నాను. సంతోషంలో ఉన్నాను. మ్యాగజైన్ తీశాను. తూటాలన్నీ తీసి వరసగా బల్ల మీద పేర్చాను. రివాల్వర్‌కి అంతేగా అమ్మా, తూటాలుండే బొంగరం తెరిచి దులిపామంటే అన్నీ వచ్చేసినట్టే. పిస్తోలుకి గొట్టంలో ఇంకోటి ఉండిపోతుంది. నాకు తెలియదనుకుంటున్నావా? రోజూ మీ అన్నయ్యకి చెప్పింది నేనే. స్లయిడ్ లాగి చూడరా, వేలు పెట్టి చూడరా అని. ఆ రోజు నాకు చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.”

నాన్న రెండు చేతులూ ఒడిలో దాచుకున్నాడు. మళ్ళీ తనే అందుకున్నాడు.

“ఖాళీ చేశాక గోడకి పెట్టి ఒక్కసారి నొక్కడం మాకు రూలు. నా రోజుల్లో అటువైపు ఇసుక బస్తాలుండేవి. వేలు కొత్తది నేర్చుకుంది గానీ, చెయ్యి పాత గోడకే తిరిగింది. అవతల ఆయన కూర్చుని ఉంటాడన్న ధ్యాసే రాలేదు. రోజూ టీకి పిలిచేవాడమ్మా నన్ను.”

పిచ్చుక పంపు కట్టేసింది. అంటే అన్నయ్య అబద్ధం చెప్పలేదు. నేను ట్రిగ్గర్ ముట్టుకోలేదన్నాడు. నిజంగానే ముట్టుకోలేదు. ఆ ఒక్క నిజాన్నే చెప్పి, మిగతాదంతా మింగేసి, ఐదు నెలలుగా జైల్లో కూర్చుని ఉన్నాడు.

“వాడు పరుగెత్తుకొచ్చి నా చేతిలోంచి లాక్కున్నాడు” అన్నాడు నాన్న. “నువ్వు రాలేదు నాన్నా, దీన్నెప్పుడూ ముట్టుకోలేదు, పో అని వెనక గేటువైపు నెట్టాడు. పొరపాటని రాసుకుంటారు, రెండ్రోజుల్లో వచ్చేస్తానన్నాడు. పోయాను నేను. పారిపోయాను.”

“ఐదు నెలలు!” అంది పిచ్చుక. “ఐదు నెలలు అన్నం ఎలా తిన్నావు నాన్నా? నేను వకీలు చుట్టూ తిరుగుతుంటే, అమ్మ మంచం పట్టబోతుంటే, క్యారియరు మోసుకుంటూ ఎలా తిరిగావు?”

ఆమెకు అప్పుడాయన మీద పట్టరాని కోపం వచ్చింది. మరుక్షణం, మెట్టు మీద ముడుచుకున్న ఆ మనిషి ఎంత చిన్నగా అయిపోయాడో చూసి మనసు కరిగింది. కోపమూ జాలీ ఒకేసారి వచ్చి, రెండూ నిలబడలేదు.

“లే. ఇప్పుడే వకీలు దగ్గరికి వెళ్దాం. శుక్రవారం దాకా అక్కర్లేదు.”

“చెప్తానని రెండుసార్లు జైలుకి వెళ్ళానమ్మా. వాడు చేతులు పట్టుకుని ఏమన్నాడో తెలుసా? నువ్వు నోరు విప్పిన రోజు, కావాలనే కాల్చానని జడ్జి ముందు ఒప్పేసుకుంటాను, నీ మాట ఎవరూ నమ్మరు అన్నాడు. అన్నంత పనీ చేస్తాడు, వాడి సంగతి నీకు తెలీదా? నేను చెప్పినా వాడు పోతాడు, చెప్పకపోయినా పోతాడు. నేనేం చెయ్యను?”

అన్నయ్య మొండితనం పిచ్చుకకు తెలియనిదా! బతిమాలి ఒప్పించవచ్చా? శుక్రవారంలోగా జైలుకి వెళ్ళే వీలుందా? ఆలోచన ఒక్కటీ చివరిదాకా సాగలేదు. ప్రాక్టీసు గది తలుపు కిర్రుమంది.

“అమ్మాయ్!” మాస్టారి గొంతు. కోపంగా లేదు. పాఠం చెప్పేటప్పుడు ఉన్నంత మామూలుగా ఉంది. “పెద్దాయన్ని ఒకసారి లోపలికి తీసుకురా. ఇందాక కళ్ళజోడు లేక సరిగ్గా చూడలేదు. ఇంకోసారి నొక్కి చూపించమను.”

తండ్రీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పైన ఎవరో బండి తీశారు, కప్పు అదిరింది. నాన్న గోడ పట్టుకుని లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. రెండడుగులు వేసి ఆగి, గుసగుసగా అన్నాడు.

“వేలు పూర్తిగా ముందుకు వదిలేశాననుకో, మాస్టారు తనే తప్పు చూశాననుకుంటాడు. శుక్రవారం వెళ్ళి మీ అన్నయ్య మీద సాక్ష్యం చెప్పేస్తాడు. సగంలో ఆపానంటే ఇది నా వేలికి అలవాటేనని ఆయనకి తెలిసిపోతుంది, అప్పుడు మీ అన్నయ్య...”

ఆ మాట పూర్తి చెయ్యలేదు. చూపుడువేలు ఎత్తి కూతురి ముందు పెట్టాడు. అది మళ్ళీ వణకడం మొదలుపెట్టింది.

“చెప్పమ్మా, ఎలా నొక్కమంటావు?”